ట్యాంకర్ వెనక ఆ నాలుగంకెలు

ప్రశ్న: నమస్కారం సార్. మా పుట్టిల్లు సాలూరు. అత్తారిల్లు కొరాపుట్ జిల్లా సుంకి. ఘాట్ రోడ్డు పక్కనే మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది, లారీలవాళ్లే మా గిరాకీ. పోయిన నెల ఒక ట్యాంకర్ వచ్చి మా ముందు ఆగింది. వెనక వాల్వు నుంచి నీళ్లలాంటిది చుక్కచుక్కగా కారుతోంది. వాకిలి పాడవుతుందని మా అత్తగారు సత్తు గిన్నె తెచ్చి కింద పెట్టారు. కాసేపటికి గిన్నెలో బుసబుసమని నురగ లేచింది. గిన్నె కాలిపోయేంత వేడెక్కింది. డ్రైవర్ చూసి, ముట్టుకోవద్దని కేకలేస్తూ వచ్చి, కర్రతో గిన్నెను పక్కకు దొర్లించి, మా డ్రమ్ములో నీళ్లన్నీ కుమ్మరించి వెళ్లిపోయాడు. అదేమిటో చెప్పలేదు. ఏడో తరగతి చదివే మా బాబు ట్యాంకర్ బోర్డు మీదున్నది నోట్‌బుక్కులో రాసుకున్నాడు: పైన 2ఆర్, కింద 1824, పక్కన చేతి మీద చుక్కలు పడుతున్న బొమ్మ. ఇలాంటి బళ్లు రోజూ ఎన్నో ఆగుతాయి. ఆ రాతలకు అర్థం ఏమిటి? మళ్లీ అలా జరిగితే ఏం చెయ్యాలి? అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, ఆ గిన్నె తోమి పెట్టాం. వాడుకోవచ్చా?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఒక్క సంగతి రాయలేదు. ఆ రోజు మీ అత్తగారి చేతి మీదగానీ కాలి మీదగానీ చుక్క పడిందా? పడకపోతే మంచిదే. పడి చర్మం తెల్లగా అయినా, పుండు పడి మానకుండా ఉన్నా, కన్ను మసకగా ఉందని ఆమె అంటున్నా, మిగతాది తర్వాత చదవండి, ముందు డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు బాబు సంగతి. పెద్దవాళ్లు గిన్నె తెచ్చారు, బాబు నంబరు రాసుకున్నాడు. ఆ రోజు అక్కడ జరిగిన వాటిలో సరైన పని అదే. నేను అగ్నిమాపక శాఖలో పనిచేసిన ముప్పై ఏళ్లలో, ఇలాంటి చోటికి మేం వెళ్లేసరికి ఆ నాలుగంకెలు చేతిలో పెట్టినవాళ్లు నాకు ఎంతమంది తగిలారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

1824 అంటే కాస్టిక్ సోడా ద్రావణం. ఇది నా ఊహ కాదు. ప్రమాదకరమైన సరుకులకు ఐక్యరాజ్యసమితి నాలుగంకెల నంబర్లు ఇచ్చింది. 1824 అని ఉంటే అది విశాఖ పోర్టులో అయినా, కొరాపుట్‌లో అయినా, వేరే దేశంలో అయినా కాస్టిక్ ద్రావణమే. సబ్బు తయారీలో వాడేది ఇదే. కాగితం మిల్లులకూ కావాలి. కొరాపుట్, రాయగడ కొండల్లో బాక్సైట్ ఉందని మీకు తెలుసు కదా, ఆ రాయిలోంచి అల్యూమినాను, అంటే అల్యూమినియం తయారయ్యే ముడి పొడిని, కరిగించి బయటికి తీసేది కూడా కాస్టిక్కే. అందుకే ఈ సరుకు మీ వైపు రోడ్ల మీద కనిపిస్తుంది.

గిన్నెలో ఏం జరిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది. సత్తు అంటే అల్యూమినియం. బాక్సైట్‌ని కరిగించినట్టే కాస్టిక్ మీ గిన్నెనూ తినేసింది. అలా తినేటప్పుడు బాగా వేడి పుడుతుంది, హైడ్రోజన్ వాయువు బుడగలుగా వస్తుంది. మీరు చూసిన నురగ అదే. హైడ్రోజన్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, చిన్న నిప్పు రవ్వ తగిలినా అంటుకుంటుంది. మీ పొయ్యి ఎంత దూరంలో ఉందో నాకు తెలియదు. గిన్నె ఆరుబయట ఉండటం వల్ల ఆ వాయువు గాలిలో కలిసిపోయింది. అదే గిన్నెను ఇంట్లోకి తెచ్చి మూత పెట్టి ఉంటే పరిస్థితి వేరు.

బాబు రాసిన బొమ్మను ఇంకోసారి ఏదైనా బోర్డు మీద దూరం నుంచి చూడండి. పలక ఒక మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది, పై సగం తెలుపు, కింది సగం నలుపు. పైన రెండు గాజు గొట్టాలు వంగి ఉంటాయి. ఒకదానిలోంచి చుక్కలు చెయ్యి మీద పడుతుంటాయి, రెండోదానిలోంచి లోహపు ముక్క మీద. చర్మాన్నీ తింటుంది, లోహాన్నీ తింటుంది అని దాని అర్థం. 8వ తరగతి సరుకు అంటారు దీన్ని. ఆమ్లాలూ ఈ తరగతిలోనే ఉంటాయి. చదువు రానివాళ్లకి కూడా అర్థం కావాలనే ఇలా బొమ్మ పెట్టారు. మీ అత్తగారికి ఆ బొమ్మ ముందే ఎవరైనా చూపించి ఉంటే ఆమె గిన్నె తెచ్చేవారు కాదు.

ఇక 2ఆర్. దీన్ని హాజ్‌కెమ్ కోడ్ అంటారు. 1970లలో లండన్ అగ్నిమాపక దళం దగ్గర మొదలైన పద్ధతి ఇది. బండి దగ్గరికి చేరిన ఫైర్ సిబ్బంది పుస్తకాలు తిరగేసే పని లేకుండా, మొదటి నిమిషంలోనే ఏం చెయ్యాలో తెలియడానికి పెట్టారు.

ముందున్న అంకె దేనితో ఆర్పాలో చెబుతుంది. 1 అంటే ముతక నీటి జల్లు. 2 అంటే పొగమంచులాంటి సన్నని జల్లు. 3 అంటే నురుగు, ఫోమ్ అంటాం. 4 అంటే పొడి పదార్థం, అంటే నీళ్లు తగలకూడదు. చెప్పినది అందుబాటులో లేకపోతే దానికంటే పెద్ద అంకెది వాడొచ్చు, చిన్న అంకెది మాత్రం వాడకూడదు. ఇందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 4. ముందు 4 కనిపిస్తే చెంబుడు నీళ్లు కూడా పొయ్యకండి. సాయం చేద్దామని పోసిన నీళ్లే అక్కడ మంటకు కారణం కావొచ్చు.

అంకె తర్వాతి అక్షరం మూడు సంగతులు చెబుతుంది. పి, ఆర్, ఎస్, టి అయితే ఒలికినదాన్ని బోలెడన్ని నీళ్లతో పలచన చేసి కడిగెయ్యొచ్చు. డబ్ల్యూ, ఎక్స్, వై, జడ్ అయితే కడగకూడదు, మట్టితోనో ఇసుకతోనో అడ్డు వేసి కాలువల్లోకీ గెడ్డల్లోకీ పోకుండా ఆపాలి. మా కొత్త కుర్రాళ్లకి నేను ఇలా చెప్పేవాణ్ణి: పి నుంచి టి దాకా కడుగు, డబ్ల్యూ నుంచి జడ్ దాకా కట్టు. రెండో సంగతి ఏమిటంటే, పి, ఎస్, డబ్ల్యూ, వై ఉన్న సరుకు ఉన్నట్టుండి పేలొచ్చు, లేదా భగ్గుమని ప్రతిచర్య జరగొచ్చు. మూడోది సిబ్బంది వేసుకోవాల్సిన రక్షణ గురించి. పి, ఆర్, డబ్ల్యూ, ఎక్స్‌లకి ఒళ్లంతా కప్పే రసాయన సూటు కావాలి. మిగతావాటికి ఫైర్ సిబ్బంది మామూలుగా వేసుకునే దుస్తులతో పాటు గాలి సిలిండర్, ముఖానికి మాస్కు ఉండాలి.

వీటి చివర ఒక్కోసారి ‘ఇ’ అని ఇంకో అక్షరం ఉంటుంది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చెయ్యాలని దాని అర్థం. కోడ్ మొత్తంలో మీకోసం రాసిన అక్షరం ఏదైనా ఉందంటే అది ఈ ‘ఇ’.

దీన్నిబట్టి మీ 2ఆర్‌ని చదవండి: సన్నని నీటి జల్లు వాడొచ్చు, దగ్గరికి వెళ్లేవాళ్లకి ఒళ్లంతా కప్పే సూటు ఉండాలి, నీళ్లతో పలచన చెయ్యొచ్చు, దానంతటది పేలే రకం కాదు. అంటే ఆ డ్రైవర్ నీళ్లు కుమ్మరించడం సరైన పనే. సూటు కాదు కదా, చేతికి గ్లౌజులు కూడా లేకుండా చేశాడు చూడండి, అది తప్పు. అదేమిటో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోవడం అంతకంటే పెద్ద తప్పు. వాకిలి గురించి భయపడకండి. నెల దాటింది, దాని ఘాటు పోయి ఉంటుంది. మనసు ఊరుకోకపోతే ఆ చోట ఇంకో నాలుగు బకెట్ల నీళ్లు పొయ్యండి.

మీ ముందు ఆగే మిగతా బళ్లలో ఎక్కువగా కనిపించేవి చెబుతాను. 1203 పెట్రోలు, దాని కోడ్ 3వైఇ. ఇందాక చెప్పినట్టు మీరే చదివి చూడండి: ఫోమ్ కావాలి, పేలే గుణం ఉంది, కట్టడి చెయ్యాలి, జనాన్ని పంపించాలి. పెట్రోలు మీద నీళ్లు పోస్తే అది నీళ్ల మీద తేలుతూ మంటను ఇంకో పది గజాలు మోసుకుపోతుంది. 1202 డీజిల్. 1075 వంటగ్యాస్. 1017 క్లోరిన్. 1830 గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాని కోడ్ 2పి. కడగొచ్చని ఉంది కదా అని దీని మీద చెంబుడు నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ‘కడుగు’ అంటే ఫైరింజను గొట్టంతో, దూరం నుంచి, బోలెడన్ని నీళ్లతో అని. అందుకే ఈ కోడ్ నేర్చుకోండి గానీ, నేర్చుకున్నాం కదా అని మీరు రంగంలోకి దిగొద్దు. కొన్ని బళ్ల మీద హాజ్‌కెమ్‌కి బదులు పైన 33 అనో 80 అనో అంకెలే ఉంటాయి. అది ఐరోపా పద్ధతి. అందులో 3 మండే ద్రవం, 6 విషం, 8 తినేసే గుణం. అంకె రెండుసార్లు ఉంటే తీవ్రత ఎక్కువ. ముందు ఎక్స్ ఉంటే నీళ్లు తగిలించొద్దని అర్థం. కింద ఉండే నాలుగంకెల నంబరు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మళ్లీ జరిగితే ఏం చెయ్యాలని. ముందు మీ పొయ్యి పొగ ఎటు పోతోందో చూడండి. గాలి ఎటు వీస్తోందో అదే చెబుతుంది. పొగ పోయే వైపు వెళ్లకుండా, దానికి ఎదురు దిక్కున, వీలైతే ఘాట్ మీద ఎగువ వైపుకి అందరినీ తీసుకుని నడవండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే వంటగ్యాసూ పెట్రోలు ఆవిరీ గాలికంటే బరువు, నీళ్లలాగే పల్లానికి పారతాయి. క్లోరిన్ కూడా అంతే. లోయ వైపు పరిగెత్తినవాళ్ల వెనకే అవీ వస్తాయి. కారుతున్న ద్రవం అయితే కనీసం 50 మీటర్లు దూరం జరగాలి. పెట్రోలు ట్యాంకర్‌కి మంట అంటుకుంటే 800 మీటర్లు. గ్యాస్ ట్యాంకర్‌కి అంటుకుంటే 1600 మీటర్లు, అంటే మైలు దూరం. అలాంటప్పుడు గల్లాపెట్టె కోసం కూడా వెనక్కి తిరగొద్దు.

గ్యాస్ వాసన వచ్చినా, నేల మీద తెల్లటి పొగమంచులాంటిది పాకుతూ కనిపించినా పొయ్యి ఆర్పేసి బయటికి రండి. కరెంటు స్విచ్ వెయ్యొద్దు, తియ్యొద్దు కూడా. ఎవరినీ బండి స్టార్ట్ చెయ్యనివ్వకండి. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ దగ్గర హైవే మీద వంటగ్యాస్ ట్యాంకర్‌ని లారీ గుద్దింది. గ్యాస్ రోడ్డంతా పాకి ఒక్కసారిగా అంటుకుంది. వెనకా ముందూ నిలిచిపోయిన బస్సులూ లారీలూ కార్లూ తగలబడ్డాయి. చనిపోయినవాళ్లలో చాలామంది ఆ ట్యాంకర్‌తో ఏ సంబంధమూ లేనివాళ్లు, దారిన పోతున్నవాళ్లు.

దూరం వెళ్లాక ఫోన్ చెయ్యండి. 112 దేశమంతా పనిచేస్తుంది, ఫైర్ వాళ్లకి నేరుగా 101. వంటగ్యాస్ లీకు అయితే 1906, నేషనల్ హైవే సాయానికి 1033. మీది సరిహద్దు, ఘాట్ మీద ఫోన్‌కి ఒక్కోసారి ఆంధ్ర టవర్ తగులుతుంది, ఒక్కోసారి ఒడిశా టవర్. కాబట్టి ఫోన్ ఎత్తగానే మొట్టమొదట రాష్ట్రం పేరు చెప్పండి: ఒడిశా, కొరాపుట్ జిల్లా, పొట్టంగి బ్లాక్, సుంకి. తర్వాత నాలుగంకెల నంబరు, కోడ్, బోర్డు మీదున్న కంపెనీ ఫోన్ నంబరు. ఆ తర్వాతే కథ. ఎంత కారుతోంది, మంట ఉందా, ఎవరైనా పడిపోయారా అన్నవి వాళ్లే అడుగుతారు.

అవతలివాళ్లు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడతారని జంకొద్దు. ఎకొ, ఆఠొ, దుయి, చారి అన్నా 1824 అన్నా ఒకటే. సరుకు పేరు మీకు తెలియక్కర్లేదు, నోరు తిరగక్కర్లేదు. ఆ నాలుగంకెలు తప్పులేకుండా చెబితే, ఏ సూటు వేసుకుని బయల్దేరాలో, ఫోమ్ తెచ్చుకోవాలో వద్దో వాళ్లు స్టేషన్‌లోనే తేల్చుకుంటారు. కొండ మీదికి వచ్చాక, అయ్యో ఫోమ్ తేలేదే అని వెనక్కి తిరిగితే గంటలు పోతాయి. నంబరు కోసం దగ్గరికి వెళ్లొద్దు సుమా. బాబులా దూరం నుంచి కనిపించినంతే చదవండి. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే ఇంకా నయం.

గిన్నె తేవడం గురించి గట్టిగా చెప్పాలి. మీ అత్తగారు వాకిలి కోసం తెచ్చారు, ఆశతో కాదు. కానీ పెట్రోలు, డీజిల్ కారుతుంటే బకెట్లూ డబ్బాలూ పట్టుకుని వచ్చేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. 2017 జూన్ 25న, రంజాన్ పండుగ ముందు రోజు, పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బిందెలూ క్యాన్లూ తీసుకుని వెళ్లారు. అంటుకుంది. 200 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఖాళీ ట్యాంకర్‌నీ నమ్మొద్దు. లోపల పెట్రోలు ఉండదు గానీ ఆవిరి ఉంటుంది, అంటుకునేది ఆవిరే. ఖాళీ బండే కదా అని దాని నీడలో బీడీ కాల్చుకునేవాళ్లని లేపి పంపించండి.

కాస్టిక్ మీద పడితే ఏం చెయ్యాలో మీకు తప్పకుండా తెలియాలి. పడ్డ మొదట్లో పెద్దగా మంట ఉండకపోవచ్చు. సబ్బు రాసుకున్నట్టు జారుడుగా ఉంటుంది. నిజంగానే అది మన చర్మంలోని కొవ్వును సబ్బుగా మార్చేస్తుంటుంది. ఆమ్లం పడితే వెంటనే భగ్గుమంటుంది, మనిషి అరుస్తాడు, కడుక్కుంటాడు. కాస్టిక్ అలా కాదు, ఏమీ కాలేదనుకుని ఊరుకునేలోగా లోపలికి దిగిపోతుంది. కాబట్టి నొప్పి ఉన్నా లేకపోయినా, తడిసిన బట్ట తీసేసి, పారే నీళ్లతో కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని కడుగుతూనే ఉండాలి. ఆసుపత్రికి వెళ్లే తొందరలో కడగడం ఆపొద్దు, చూపు దక్కేది ఆ నీళ్లతోనే. తర్వాత 108. పసుపు, కాఫీ పొడి, పేస్టు ఏమీ పుయ్యొద్దు. విరుగుడని నిమ్మరసం పిండొద్దు, రెండూ కలిసి ఇంకా వేడి పుడుతుంది. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు. మీ డ్రమ్ములో ఎప్పుడూ నీళ్లు ఉండేలా చూసుకోండి. ఆ రోజు ఉండబట్టే సరిపోయింది.

ఇంకొకటి, చలికాలానికి పనికొస్తుంది. గాఢమైన కాస్టిక్ 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మీ పొట్టంగి చలికి వాల్వు చుట్టూ ఉప్పులా తెల్లగా పేరుకుని కనిపించొచ్చు. పిల్లలు దాన్ని గోకకుండా చూడండి.

బోర్డు గురించి నాకు మానని బాధ ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాత్రిపూట బోల్తా పడిన ఒక ట్యాంకర్ దగ్గరికి వెళ్లాం. డ్రైవర్ స్పృహలో లేడు. బోర్డు ఉంది, కానీ దాని మీద అంగుళం మందాన బురద. సరుకేమిటో తెలియక నీళ్లు కొట్టాలా వద్దా అని చాలాసేపు అలాగే నిలబడ్డాం. ఆ ఆలస్యంలో క్లీనర్ కుర్రాడి కాళ్లు కాలిపోయాయి. టార్చి పట్టుకుని బురద గోకినవాణ్ణి నేనే. అక్షరాలు కనిపించాక చూస్తే అది నీళ్లతో కడగదగ్గ సరుకే.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 134వది ఈ బోర్డు గురించే. బండికి రెండు పక్కలా, వెనకా, మూడు చోట్ల ఉండాలి. సరుకు పేరు 50 మిల్లీమీటర్లకి తగ్గని అక్షరాలతో ఉండాలి, తరగతి అంకె 100 మిల్లీమీటర్ల ఎత్తు, బొమ్మ పలక 250 మిల్లీమీటర్లు ఉండాలి. అత్యవసర ఫోన్ నంబరూ, సరుకు పంపినవాళ్ల నంబరూ రాయాలి. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసిన ట్రెమ్ కార్డు డ్రైవర్ క్యాబిన్‌లో ఉండాలి. డ్రైవర్‌కి దీని మీద విడిగా శిక్షణ కూడా ఉండాలి. కాబట్టి, అన్నా, లోడేంటి అని అడగడానికి మొహమాటపడకండి. మీ ముంగిట్లో బండి ఆపినవాణ్ణి అడిగే హక్కు మీకుంది. వాళ్లు టీ తాగుతుండగా క్లీనర్ కుర్రాడి చేతికి తడిగుడ్డ ఇచ్చి, బోర్డు తుడిచి రా నాయనా అనండి. కారుతున్న బండి అయితే మాత్రం ఎవరినీ దగ్గరికి పంపొద్దు.

ఆఖరికి ఆ గిన్నె. తోమితే కాస్టిక్ పోతుంది, కానీ కాస్టిక్ తినేసిన లోహం తిరిగి రాదు. అడుగు పలచబడి, గుంటలు పడి ఉంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి, సూది బెజ్జాలు కనిపించినా కనిపించొచ్చు. అందులో వంట వద్దు, మరుగుతున్న సాంబారుతో పొయ్యి మీద అడుగు ఊడితే ఇంకో ప్రమాదం. ఇంకోసారి బాగా కడిగి పాత సామాన్లవాడికి వేసెయ్యండి. వేసే ముందు మాత్రం మీ అత్తగారికీ, పక్క హోటళ్లవాళ్లకీ దాని అడుగు చూపించండి.